బీటిల్స్ స్టార్ క్లబ్ రికార్డు చివరిదాకా ఎవరైనా విన్నారా?

పాతరికార్డు:
ఆదివారం పాత సామాన్ల అంగడిలో ఇంగ్లండు రాక్ బృందం బీటిల్స్ డబుల్ ఆల్బమ్ దొరికింది. 1962 డిసెంబరు చివర్లో జర్మనీలోని హాంబుర్గ్‌లో, స్టార్ క్లబ్‌లో పాడినవి. ఇంటికి తెచ్చి పెడితే గొంతులు బావిలోంచి వస్తున్నట్టున్నాయి. సూది అరిగిందేమోనని మార్చాను. అదే వరస. లోపం నా రికార్డుదేనా, అందరిదీ ఇంతేనా?

మూడోతీగ:
సూది డబ్బులు దండగ! అందరిదీ ఇంతే. లివర్‌పూల్ గాయకుడు టెడ్ టేలర్ కోసం క్లబ్బు స్టేజీ మేనేజరు ఏడ్రియన్ బార్బర్ పట్టిన టేపులవి. ఇళ్లలో వాడుకునే గ్రుండిగ్ రికార్డరు, స్టేజీ ముందు ఒకే ఒక్క మైకు. టేపు సెకనుకు మూడుముప్పావు అంగుళాలే నడిచింది, స్టూడియోల్లో పదిహేను నడుస్తుంది. పై స్వరాల మెరుపు అక్కడే పోయింది. తర్వాత ఏళ్ల తరబడి మూలనపడి, 1977లో గాని ఆల్బమ్‌గా రాలేదు.

చెవులపిల్లి:
చిన్నప్పుడు మా వీధి వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా పెడితే, మామయ్య టేపు రికార్డరు తీసుకెళ్లి ముందు వరస కుర్చీలో పెట్టాను. ఇంటికొచ్చి వింటే పాట కన్నా పక్కాయన వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడే బాగా పడింది. ఆ క్యాసెట్ ఎవరడిగినా ఇవ్వను. ఇదీ అలాగే వినాలి. "ఐ సా హర్ స్టాండింగ్ దేర్" పెట్టండి. ఆరు వారాలకే, 1963 ఫిబ్రవరి 11న, అదే పాటను స్టూడియోలో పాడారు. రెండూ వెంటవెంటనే వినండి. డ్రమ్ములు వాయించే రింగో బృందంలో చేరి అప్పటికి నాలుగు నెలలే, అయినా ఆ దరువు చూడండి! మీది అమెరికాలో అచ్చయినదైతే మాత్రం ఆ పాట ఉండదు.

అరిగినసూది:
నేను నాలుగు పాటలకే ఆపేశాను. చరిత్ర పేరు చెప్పి చెవులు పాడుచేసుకోలేను. అసలు పాడినవాళ్లే వద్దన్నారు కదా! 1977లో ఆపలేకపోయారు గాని, 1998లో లండన్ కోర్టులో గెలిచారు. బీరు ఇప్పిస్తే చాలని బీటిల్స్‌లోని జాన్ లెనన్ రికార్డింగుకు ఒప్పుకున్నాడని టేలర్ వాదన. తాగినవాడొకడు తాగిన గుంపును రికార్డు చేస్తే అది వ్యాపార ఒప్పందం ఎలా అవుతుందని బృందంలోని జార్జ్ హారిసన్ సాక్ష్యంలో కొట్టిపారేశాడు. నేను ఆయన పక్షమే.

పాతరికార్డు:
బేస్ తగ్గించి మళ్లీ పెట్టాను, కాస్త నయం. నాది అమెరికాది కాదు, పాట ఉంది. "రోల్ ఓవర్ బీతోవెన్" వేగానికి మా అబ్బాయి చదువు ఆపి వచ్చి నిలబడ్డాడు. ఒక సందేహం: "బీ బాప్ ఎ లూలా"లో గొంతు ఆ నలుగురిలో ఎవరిది?

మూడోతీగ:
ఎవరిదీ కాదు. క్లబ్బులో వెయిటరు ఫ్రెడ్ ఫాషర్ పాడాడు. ఆయన సోదరుడు హోర్స్ట్ ఇంకో పాట అందుకున్నాడు.

పాతరికార్డు:
బీటిల్స్ కన్నా ఆ వెయిటరుకే మైకు దగ్గరగా ఉన్నట్టుందండీ!