స్టోరీలైన్: నాలుగు లేయర్లూ వినకముందే నెక్స్ట్ తెరుచుకుంటోంది, వెనక్కి వెళ్లి వస్తే మూసుకుంటోంది

కొత్తకోర్సు
స్టోరీలైన్ 360లో (కంప్యూటర్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మంటలార్పే సిలిండర్ వాడకం మీద ఒక స్లైడు. నాలుగు బటన్లు: పిన్ను లాగడం, గురిపెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఊపడం. ఒక్కో బటన్‌కి ఒక్కో లేయర్ (స్లైడు మీద తెరుచుకునే పొర), ప్రతి లేయర్‌లో 20 సెకన్ల ఆడియో. నాలుగూ విన్నాకే నెక్స్ట్ తెరుచుకోవాలి. కానీ నాలుగో బటన్ నొక్కీ నొక్కగానే తెరుచుకుంటోంది. ప్రీవ్ నొక్కి మళ్లీ వస్తే నెక్స్ట్‌కి తాళం. పైగా ఒకసారి చూసిన బటన్‌ని మళ్లీ నొక్కితే లేయర్ వస్తుంది గానీ మాట రాదు.
ఉన్న ట్రిగ్గర్లు (ఏది జరిగితే ఏం చేయాలో చెప్పే ఆదేశాలు) రెండే. టైమ్‌లైన్ మొదలవగానే నెక్స్ట్ డిసేబుల్డ్. నాలుగు బటన్లూ విజిటెడ్ (నొక్కినవి) అయితే నెక్స్ట్ నార్మల్.

లేయర్‌మీదలేయర్
ఇవి మూడూ వేర్వేరు తప్పులండీ, ఒక్క మందుతో పోవు.

విజిటెడ్ స్టేట్‌ని స్టోరీలైన్ తనంతట తానే, నొక్కిన క్షణంలోనే పెట్టేస్తుంది. విన్నారా లేదా అన్నది దానికి అక్కర్లేదు. కాబట్టి లేయర్‌కొకటి చొప్పున నాలుగు ట్రూ/ఫాల్స్ వేరియబుల్స్ (విన్నారా లేదా అన్నది గుర్తుంచుకునే విలువలు) చేసుకోండి, అన్నీ ఫాల్స్‌తో మొదలు. ప్రతి లేయర్‌లో రెండు ట్రిగ్గర్లు పెట్టండి. ఆడియో పూర్తయినప్పుడు ఆ లేయర్ వేరియబుల్ ట్రూ అవ్వాలి. దాని కిందే, అదే ఆడియో పూర్తయినప్పుడు, నాలుగూ ట్రూ అయితే నెక్స్ట్ నార్మల్ అవ్వాలి. ఈ వరుస తారుమారు కాకూడదు. ట్రిగ్గర్లు పైనుంచి కిందికి నడుస్తాయి, రెండోది పైన ఉంటే చివరి వేరియబుల్ ఇంకా ఫాల్స్‌గానే కనబడి తాళం తెరుచుకోదు.

"లేయర్ టైమ్‌లైన్ ముగిసినప్పుడు" అని పెట్టకండి. ఏదో ఒక టెక్స్ట్ బాక్స్ 35 సెకన్ల దాకా సాగి ఉంటే, ఆడియో అయ్యాక 15 సెకన్లు నిశ్శబ్దంగా కూర్చోవాలి.

నంబర్ వేరియబుల్‌కి ఒక్కొక్కటి కలుపుతూ 4 అయితే తెరిచే పద్ధతి కూడా వద్దు. ఒకే లేయర్ నాలుగుసార్లు విన్నా 4 అవుతుంది.

టైమ్‌లైన్‌గోల
మాట రాకపోవడానికి కారణం లేయర్ ప్రాపర్టీస్‌లోని వెన్ రివిజిటింగ్ (తిరిగి వస్తే ఏం చేయాలి) అనే సెట్టింగ్. అక్కడ రెస్యూమ్ సేవ్డ్ స్టేట్ ఉంటే, లేయర్ తిరిగి తెరిచినప్పుడు టైమ్‌లైన్ వదిలిన చోటే, అంటే చివర్న, నిలబడుతుంది. ఇక వినిపించడానికేం మిగలదు. నాలుగు లేయర్లకూ రీసెట్ టు ఇనిషియల్ స్టేట్ పెట్టండి. బేస్ స్లైడుకి (లేయర్ల కింద ఉండే అసలు స్లైడు) మాత్రం రెస్యూమ్ ఉంచండి. రెండిట్లోనూ ఆటోమేటికల్లీ డిసైడ్‌ని నమ్ముకోకండి. స్లైడు మీద ఏముందో చూసి అది నిర్ణయం మార్చుకుంటుంది, నిన్న పనిచేసింది ఇవాళ ఒక బటన్ చేర్చగానే మారిపోవచ్చు.

వెనక్కి వస్తే తాళం పడటం: డిసేబుల్డ్ ట్రిగ్గర్‌కి షరతు లేదు, అదీ సంగతి. "నాలుగిట్లో ఏ ఒక్కటైనా ఫాల్స్ అయితేనే" అని చేర్చండి. ఇక్కడ షరతుల మధ్య ఆర్ రావాలి, తెరిచే ట్రిగ్గర్‌లో యాండ్ రావాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

లేయర్ ప్రాపర్టీస్‌లో ఉండగానే పాజ్ టైమ్‌లైన్ ఆఫ్ బేస్ లేయర్, హైడ్ అదర్ స్లైడ్ లేయర్స్ కూడా టిక్ చేసెయ్యండి. లేకపోతే రెండు గొంతులు ఒకేసారి మాట్లాడతాయి.

పాఠాలపెట్టె
ఒక లొసుగు మిగిలింది. 12వ సెకనులో ఎవరైనా లేయర్ మూసేస్తే ఆడియో పూర్తి కాదు, వేరియబుల్ మారదు. బటన్ మాత్రం విజిటెడ్ రంగులో మెరుస్తుంది. చూసేవాళ్లకి నాలుగూ అయినట్టే ఉంటుంది, నెక్స్ట్ ఎందుకు రాదో అర్థం కాదు. బటన్ల విజిటెడ్ స్టేట్ తీసేసి, బేస్ లేయర్ మీద ఒక్కో బటన్ పక్కన చిన్న టిక్కు గుర్తు పెట్టండి. మొదటి స్టేట్ హిడెన్. ఆడియో పూర్తయితే నార్మల్.

ఇంకోటి, ప్లేయర్‌లో మెనూ ఫ్రీగా వదిలేస్తే ఈ తాళాలన్నీ దండగ. నేరుగా తర్వాతి స్లైడు పేరు మీద నొక్కి వెళ్లిపోతారు. రిస్ట్రిక్టెడ్ చేయండి, చూసేసిన స్లైడ్లకి తిరిగి వెళ్లే దారి అప్పుడూ ఉంటుంది.
నన్నడిగితే భద్రత, చట్టం లాంటి తప్పనిసరి పాఠాలకి తప్ప తాళాలే వద్దు. తెలిసినవాళ్లని 80 సెకన్లు కట్టేసి కూర్చోబెట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

లేయర్‌మీదలేయర్
ఏ వేరియబుల్ మారలేదో ఊహించక్కర్లేదు. స్లైడు మూలన ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, వేరియబుల్ పేరుని రెండు పర్సెంట్ గుర్తుల మధ్య రాయండి. ప్రివ్యూలో దాని విలువ అక్కడే మారుతూ కనిపిస్తుంది. పబ్లిష్ చేసేముందు తీసెయ్యడం మరవకండి. వెనక్కి ముందుకీ తిరిగి చూడాలంటే ఒక్క స్లైడు ప్రివ్యూ చాలదు, సీన్ మొత్తం ప్రివ్యూ చేయాలి.

అచ్చుహల్లు
దీన్నే తెలుగులోకి మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే రెండు మాటలు. ఇంగ్లీషులో 14 సెకన్ల వాక్యం తెలుగు గొంతులో 18 దాటొచ్చు. బొమ్మలు "6వ సెకనులో" అని కాకుండా క్యూ పాయింట్ల (టైమ్‌లైన్ మీద మనం పెట్టుకునే గుర్తులు) మీద కనబడేలా పెడితే, కొత్త ఆడియోకి తగ్గట్టు ఆ పాయింట్లు జరిపితే సరిపోతుంది, ట్రిగ్గర్లు ముట్టుకోనక్కర్లేదు.

రెండోది, ఖాళీ పూరించే ప్రశ్నలు. జవాబు "సాఫ్ట్‌వేర్" అనుకోండి. మీరు ట్, వే విడివిడిగా నిలబడటానికి కంటికి కనబడని ZWNJ (జీరో విడ్త్ నాన్-జాయినర్) అక్షరం వేసి టైపు చేశారు. చదివేవాళ్లు అది లేకుండా "సాఫ్ట్వేర్" అని కొట్టారు. మనకి ఒకే మాట, కంప్యూటర్‌కి వేర్వేరు, మార్కు పోయింది. రెండు రూపాలూ సరైన జవాబుల జాబితాలో చేర్చండి, లేదా అలాంటి మాటనే అడక్కండి.

టైమ్‌లైన్‌గోల
ఎల్ఎంఎస్‌లో (కోర్సులు నడిపి, ఎవరు ఎంత చూశారో లెక్క ఉంచే వ్యవస్థ) ఎక్కించాక కోర్సు మూసి తెరిస్తే పాత స్లైడుకి వెనక్కి పోతోందంటే ట్రిగ్గర్లని అనుమానించకండి. కోర్సు, ఎల్ఎంఎస్ మాట్లాడుకునే పద్ధతి స్కార్మ్. స్కార్మ్ 1.2లో సస్పెండ్ డేటా, అంటే ఎక్కడిదాకా చూశారో దాచే సమాచారం, హద్దు 4,096 అక్షరాలు. రెస్యూమ్ పెట్టిన స్లైడ్లు పెరిగేకొద్దీ అది నిండుతుంది, నిండాక కొత్త సమాచారం చేరదు. గుర్తుంచుకోనక్కర్లేని స్లైడ్లని రీసెట్‌కి మార్చండి. ఎల్ఎంఎస్ ఒప్పుకుంటే స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో పబ్లిష్ చేయండి, అక్కడ 64,000. సరిచేసిన ఫైలుని పాత లాగిన్‌తో పరీక్షిస్తే పాత డేటానే అడ్డు తగులుతుంది, కొత్త లాగిన్ వాడండి.

కొత్తకోర్సు
ఆర్, యాండ్ సరిచేశాను, ఆడియో మళ్లీ వస్తోంది. నాలుగూ విన్నా నెక్స్ట్ మాత్రం తెరుచుకోవట్లేదు. మూలన చూస్తే నాలుగో వేరియబుల్ ఒక్కటే ఫాల్స్‌లో ఉంది.

పాఠాలపెట్టె
నాలుగో లేయర్‌ని మూడోదాని నుంచి డూప్లికేట్ చేసుంటారు. ట్రిగ్గర్లు కూడా నకలవుతాయి, అది ఇంకా మూడో వేరియబుల్‌నే ట్రూ చేస్తోంది చూడండి.

కొత్తకోర్సు
అదేనండీ. టిక్కు గుర్తు కూడా మూడోదానికే కట్టి ఉంది, రెండూ మార్చాను.