కమాండర్ రాత్రికి టేబుల్ ఫీజు పెట్టాలా, వద్దా?

ఇర్వింగ్ షాపు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చిన్న గేమ్ స్టోర్ నడుపుతున్నాను. మ్యాజిక్: ద గాదరింగ్ కార్డులు, బోర్డ్ గేములు అమ్ముతాం. వెనక హాల్లో ఎనిమిది టేబుళ్లున్నాయి. నాకు తేలని విషయం గురువారం రాత్రి జరిగే కమాండర్, అంటే మ్యాజిక్‌లోనే ఒక రకం ఆట.

శుక్రవారం డ్రాఫ్ట్‌తో, అంటే కొత్త కార్డు ప్యాకెట్లు అక్కడికక్కడే విప్పి, కార్డులు ఏరుకుని ఆడే ఆటతో, ఏ ఇబ్బందీ లేదు. మనిషికి 20 డాలర్లు. అందులో మూడు ప్యాకెట్లు వాళ్ల చేతికొస్తాయి, ఒకటి బహుమతుల్లోకి పోతుంది. ఎనిమిది మంది కూర్చుంటే 32 ప్యాకెట్లు ఒక్క సాయంత్రంలో, పైసా తగ్గించకుండా అమ్ముడుపోయినట్టే. పేరుకి ఎంట్రీ ఫీజు గానీ అది సరుకు అమ్మకమే.

కమాండర్ అలా కాదు. నలుగురు కూర్చుంటారు, ఎవరి 100 కార్డుల డెక్ వాళ్లు ఇంటినుంచే తెచ్చుకుంటారు. ప్యాకెట్ విప్పే పనే ఉండదు. పోయిన గురువారం రాత్రి పదకొండింటికి వాళ్ల కుర్చీల చుట్టూ చీపురు పట్టుకుని ఊడుస్తున్నాను. టేబుల్ మీద బయట కొన్న పిజ్జా డబ్బా, చల్లారిపోయిన రెండు ముక్కలు. నాలుగు గంటల్లో ఆ టేబుల్ నుంచి గల్లాపెట్టెలో పడింది ఒక్క కోక్ డబ్బులు. మంచి పిల్లలు, వాళ్ల మీద నాకే కోపమూ లేదు. కానీ అద్దె, కరెంటు, కౌంటర్లో ఉన్న అబ్బాయి జీతం ఆ నాలుగు గంటలూ నడుస్తూనే ఉన్నాయి. మనిషికి 5 డాలర్లు పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

పాతకాపు

పెట్టొద్దన్నా. మ్యాజిక్ 1993లో వచ్చింది, కమాండర్ మాత్రం కంపెనీ కనిపెట్టింది కాదు. ఆడేవాళ్లే తయారుచేసుకున్నారు. దానికోసం ప్రత్యేకంగా డెక్కులు అమ్మడం 2011లో మొదలైంది. అప్పటికే జనం ఇళ్లలో ఆడుకుంటున్నారు. డ్రాఫ్ట్‌కి ఎనిమిది మందిని పోగెయ్యాలి, కొత్త ప్యాకెట్లు కావాలి, కాబట్టి షాపుకి రాక తప్పదు. కమాండర్‌కి నలుగురు స్నేహితులు, ఒక డైనింగ్ టేబుల్ చాలు. 5 డాలర్లు పెద్ద మొత్తమని కాదు, గుమ్మంలోనే డబ్బులడిగారని మనసు విరిగిపోతుంది.

అసలు మీరు చూడాల్సింది వేరే ఉంది. కమాండర్ ఆడేవాడు ప్యాకెట్లు పెద్దగా కొనడు, విడి కార్డులు కొంటాడు. ఎదుటివాడు ఒక కార్డు వేసి ఆట తిప్పేస్తే, చేతిలోకి తీసుకుని చదివి "ఇది నాకూ కావాలి" అనుకునేది ఆ టేబుల్ దగ్గరే. ఆ నిమిషంలో మీ అద్దాల బీరువా తాళం తీసి ఉందా? నేనెళ్లే షాపులో ఎనిమిదింటికల్లా విడి కార్డుల కౌంటర్ కట్టేస్తారు. తొమ్మిదింటికి నాకు నచ్చిన కార్డుని పార్కింగ్‌లో కారెక్కి ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తాను. ఆ డబ్బు ఎవరికి పోయింది చెప్పండి.

టొరంటో తమ్ముడు

ఇక్కడ స్నేక్స్ అండ్ లాటేస్ అని 2010లో మొదలైన బోర్డ్ గేమ్ కేఫ్ ఉంది. అందులో కూర్చుని ఆడుకోవడానికే మనిషికింత అని తీసుకుంటారు. జనం గొణక్కుండా ఇస్తున్నారు, ఎందుకంటే గోడ నిండా గేములుంటాయి, కాఫీ ఉంటుంది, రూల్స్ తెలీకపోతే మనిషి వచ్చి నేర్పుతాడు. మీ కమాండర్ టేబుల్ మీద మీరు పెడుతున్నదేమిటి? కార్డులు వాళ్లవే, పిజ్జా వాళ్లదే. ఫీజు తప్పని నేననను. ఆ 5 డాలర్లకి ఏమిస్తున్నారో గోడమీద రాసి పెట్టండి.

ఫ్రిస్కో అమ్మ

నేను ఆడను, దించి తీసుకెళ్లేదాన్ని. కొత్త మ్యాజిక్ కార్డుల సెట్ మార్కెట్లోకి రావడానికి వారం ముందు షాపుల్లో ప్రీరిలీజ్ ఆట జరుగుతుంది కదా, మా పదమూడేళ్లవాడు ఒక్కటీ వదలడు. ఆరు ప్యాకెట్లు విప్పి, అక్కడికక్కడే డెక్ కట్టుకుని ఆడేసరికి నాలుగు గంటలు. అంతసేపూ నేను కార్లోనే కూర్చునేదాన్ని, ఎందుకంటే లోపల నిలబడితే కొనడానికి వచ్చారా అన్నట్టు చూసేవారు. ఇంకో షాపులో ఓనరమ్మ లోపలికి పిలిచి కుర్చీ వేసింది. నాతోపాటు ఇంకో ఇద్దరు తల్లుల్ని కూర్చోబెట్టి టికెట్ టు రైడ్ అనే బోర్డ్ గేమ్ నేర్పింది. రైళ్లు పేర్చుకుంటూ టైమే తెలీలేదు. ఆ రాత్రే అది కొనుక్కుని ఇంటికెళ్లాను. తర్వాత పండక్కి మా ఆడపడుచు పిల్లలకీ అక్కడే కొన్నాను.

అన్నయ్య గారూ, మీరు ఆడే నలుగురి జేబుల్లోకే చూస్తున్నారు. వాళ్లకోసం ఎదురుచూసేవాళ్లం మేమూ ఉన్నాం. బాత్రూం శుభ్రంగా ఉంచి, మేం కూర్చోడానికి చోటిస్తే 5 కాదు, 8 అడిగినా ఇస్తాను.

ఇర్వింగ్ షాపు

అమ్మా, మీ మాట నాకు సూటిగా తగిలింది. మా షాపులో తల్లిదండ్రులకి కుర్చీ లేదు. ఈ ఆదివారమే ఊరికే ఆడి చూడ్డానికి రెండు డెమో గేములు పరిచి, ముందువైపు ఒక టేబుల్ వేస్తున్నాను.

ఫీజు సంగతి. అందరి మాటా విన్నాక ఇలా అనుకుంటున్నాను. 5 డాలర్లు తీసుకుంటాను, అంతే విలువకి స్టోర్ క్రెడిట్ రాసిస్తాను. దాంతో విడి కార్డులు, కార్డులకి తొడిగే స్లీవ్స్, గేములు ఏవైనా కొనుక్కోవచ్చు. నాకు ఖర్చయ్యేది ఆ సరుకుని నేను కొన్న ధరే, 5 డాలర్లు కాదు. తేడాతో కొంత అద్దె వెళ్తుంది. పాతకాపు అన్నట్టు గురువారం బీరువా పదిన్నర దాకా తెరిచే ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్ల దగ్గర ఏమీ తీసుకోను.

పాతకాపు

దీనికైతే నేనూ వస్తానన్నా. కానీ క్రెడిట్‌కి గడువు పెడతారా? ఆ రాత్రే వాడెయ్యాలంటే చిప్స్ కొనుక్కుని వెళ్లిపోతారు. నేను చదువుకునే రోజుల్లో నాలుగు వారాలు కూడబెట్టి 20 డాలర్ల కార్డు కొనుక్కున్నాను.

ఇర్వింగ్ షాపు

గడువు లేదు. పేరుపేరునా పుస్తకంలో రాసి పెడతాను, ఎంత కూడితే అంత. వచ్చే గురువారం ఆరున్నరకి రా తమ్ముడూ, మొదటి పేరు నీదే.