శిక్షణలో ఉన్న న్యాయవాదుల బృందంలో కక్షిదారుల గోప్యతను కాపాడటం ఎలా?

అందరికీ నమస్కారం. నేను ఒక సీనియర్ న్యాయవాది దగ్గర జూనియర్‌గా శిక్షణ పొందుతున్నాను. వేర్వేరు కార్యాలయాల్లో ఇదే దశలో ఉన్న కొందరం కలిసి, పనిలో ఎదురయ్యే సందేహాలనూ ఒత్తిడినీ పంచుకునేందుకు ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నాం. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ బార్ అసోసియేషన్‌లో యువ న్యాయవాదుల కోసం ప్రత్యేక కమిటీ ఉంది. అయితే మాకు కావలసింది అంత పెద్ద వేదిక కాదు, దావా ముసాయిదాలో సందేహం వచ్చినప్పుడు సంకోచం లేకుండా అడగగలిగే నలుగురు తోటివారు.

మా ప్రధానమైన చిక్కు గోప్యత. కక్షిదారు నమ్మి చెప్పిన విషయాలను బయటపెట్టకూడదన్న బాధ్యత కేసు ముగిసిన తర్వాత కూడా కొనసాగుతుంది. పేర్లు తొలగించినా, వివాదంలోని ఆస్తిని బట్టో సంఘటనల క్రమాన్ని బట్టో వినేవారు ఆ వ్యక్తులను గుర్తుపట్టే అవకాశం ఉంది. పైగా, ఒకే కేసులో మాలో ఇద్దరి సీనియర్లు ఎదురెదురు పక్షాల తరఫున వాదిస్తూ ఉండవచ్చు, ఆ సంగతి మాట మొదలయ్యాక గానీ తెలియకపోవచ్చు. వాస్తవాలను పక్కనపెట్టి కేవలం చట్టపరమైన ప్రశ్ననే చర్చించాలన్న నియమం మంచిదే అనిపిస్తోంది కానీ, క్రాస్ ఎగ్జామినేషన్‌కు సిద్ధమయ్యే విషయంలో అది ఎంతవరకు సాధ్యం?

ఇటువంటి బృందాలను నడిపినవారు తాము పెట్టుకున్న నియమాలను దయచేసి తెలియజేయగలరు. సీనియర్ల అనుమతి ముందే తీసుకోవాలా? మానసిక ఒత్తిడి గురించి మాట్లాడుకునే సమావేశాలను వృత్తిపరమైన చర్చల నుంచి వేరుగా ఉంచడం మేలా?