బైబిల్ చదువుతాండా గానీ మనసుకు ఎక్కడం లేదు, దేవుని నడిపింపు ఎట్ల తెలుస్తాది?

ప్రొద్దుటూరు చెల్లి:
అందరికీ వందనాలు. జనవరిలో మా చర్చిలో ఏడాదికి బైబిల్ మొత్తం చదివే చార్ట్ ఇచ్చినారు. ఆదికాండము, నిర్గమకాండము బాగానే పోయినాయి, లేవీయకాండము కాడికి వచ్చేసరికి బలులు, కుష్ఠు, పవిత్రం అపవిత్రం అని అధ్యాయాలకు అధ్యాయాలు, టిక్ పెట్టుకుంటా పోతాండా గానీ రాత్రి పండుకునేటప్పుడు పొద్దున ఏం చదివినావంటే చెప్పలేను. మా వదిన ప్రార్థన చేసి కండ్లు మూసుకుని బైబిల్ తెరుస్తాది, వేలు పడిన వచనమే ఆ రోజు దేవుడు మాట్లాడిన మాట అంటాది. దేవుడు నడిపించి చదివించడం అంటే అదేనా? నాకొచ్చే ఆలోచన దేవునిదా నాదా ఎట్ల తెలుసుకోవల్ల? నిజంగా ఆత్మీయంగా ఎదగాలని ఉంది, తెలిసినోళ్ళు చెప్పండి.

కడప సండేస్కూల్ టీచర్:
వందనాలు చెల్లీ. వదినమ్మ చేసే ప్రార్థన మంచిదే, అది వదలొద్దని చెప్పు. కానీ ముందూ వెనకా చూడకుండా ఒక్క వచనం పట్టుకుంటే మనకు కావాల్సిందే అందులో కనపడతాది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక్కో వచనం రాసిన వాగ్దానం కార్డులు తీస్తాం కదా, మీకు మేలు చేసే ఆలోచనే నాది, మంచి భవిష్యత్తు ఇస్తా అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 ఎవరికో ఒకరికి వస్తాది, ఇంక ఈ ఏడే ఉద్యోగం, ఈ ఏడే పెండ్లి అని ఎదురు చూస్తారు. దాని పైన 10వ వచనం చదువు, బబులోనుకు చెరపోయినోళ్ళకు 70 ఏండ్లు అయినాక తిరిగి రప్పిస్తా అంటాడు. ఇంకా పైన 5లో అక్కడే ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. అది తెలిసినాక వాగ్దానం తగ్గిపోలేదు చెల్లీ, నాకైతే ఇంకా గట్టిపడింది, అన్నేండ్లయినా దేవుడు మర్చిపోడని. నీకొచ్చిన ఆలోచన ఆ అధ్యాయం మొత్తం చెప్పేదానికి ఎదురు పోతాంటే అది ఆత్మ నడిపింపు కాదు, ఇందులో నాకు అనుమానమే లేదు.

గుత్తి బ్రదర్:
లేవీయకాండము వదలొద్దు సిస్టర్. 19:9-10 నిదానంగా చదవండి. మా పక్క శనక్కాయ పీకినాక చేన్లో మిగిలిన కాయలు ఏరుకోను ఆడోళ్ళు, పిల్లోళ్ళు సంచులు పట్టుకుని వస్తారు, కొందరు రైతులు ఏరుకోనిస్తారు, కొందరు తరుముతారు. దేవుడేమో చేను అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, బీదోళ్ళకూ పరదేశులకూ వదిలెయ్ అంటాడు. మోయాబు దేశం నుంచి వచ్చిన విధవరాలు రూతు బోయజు చేన్లో పరిగె ఏరుకునింది ఇట్లనే, ఆమె మునిమనవడే దావీదు. మా నాయనకు ఈ రెండు వచనాలు చదివి వినిపిస్తే ఆ ఏటి నుంచి మా చేన్లో ఎవర్నీ తరమనీలేదు. చార్ట్‌లో టిక్ ఆలస్యమైతే కానీండి, చదివిన దాంట్లో ఒక్కటి చేసి చూడండి, యాకోబు 1:22 చెప్పేది అదే.

కర్నూలు అక్క:
అమ్మా, ఒక్కదానివే చదవొద్దు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుల రాణి ఖజానా చూసే అధికారి రథంలో కూర్చుని యెషయా చదువుతాంటాడు, అర్థం కాదు. దేవుడు నేరుగా చెప్పొచ్చు కదా, కానీ ఆత్మ సువార్త చెప్పే ఫిలిప్పును ఆ రథం కాడికి పంపినాడు. అంత పెద్ద అధికారి కూడా ఎవరన్నా దారి చూపకపోతే నాకెట్ల తెలుస్తాది అన్నాడు. మా స్త్రీల సమాజంలో చదువురాని అవ్వలున్నారు, ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టి ఒకే అధ్యాయం రెండుసార్లు వింటాం, దేవుని గురించి ఏం తెలిసింది, మనం ఏం చేయల్ల, రెండే ప్రశ్నలు. ఆ అవ్వలు చెప్పేది నేను నోట్స్ రాసుకుంటా. చదివే ముందు కీర్తన 119:18 ప్రార్థనగా చెయ్యి, "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము."

ప్రొద్దుటూరు చెల్లి:
చాలా థాంక్స్ అక్కా, బ్రదర్. అయితే చార్ట్ ఆపేసి మార్కు సువార్త మొదలుపెట్టనా?

కడప సండేస్కూల్ టీచర్:
మార్కు వదినమ్మతో కలిసి చదువు, 16 అధ్యాయాలే, వారానికి రెండు చాలు. చార్ట్ ఆపొద్దు, తగ్గించుకో, రోజుకు ఒక అధ్యాయం. ఏడాదికోసారి ప్రజలందరి పాపాల కోసం బలి ఇచ్చే రోజు గురించి చెప్పే లేవీయకాండము 16 వచ్చిన రోజు హెబ్రీయులకు 9 కూడా పక్కన పెట్టుకుని చదువు, ఆ బలులన్నీ ఎందుకో అక్కడ తెలుస్తాది.