గొప్ప డిజైనర్ల శైలి చేతి నుంచి వస్తుందా, ఆలోచన నుంచి వస్తుందా?

నగరి మగ్గం (సోమవారం, రాత్రి 9:10)

సభ్యులకు నమస్కారం. నేను నగరిలో ఒక పవర్‌లూమ్ షెడ్డులో అంచుల డిజైన్లు చూసుకుంటాను. పోయిన వారం తిరుపతిలో విన్న ఒక ఉపన్యాసంలో, పేరున్న ప్రతి డిజైనర్‌కూ ముందు ఒక దృక్పథం ఏర్పడుతుందని, పదార్థం ఆ తరువాత దానికి లొంగుతుందని వక్త సెలవిచ్చారు. ఈ మాట నాకు మింగుడుపడలేదు. మగ్గం దగ్గర నేను చూసినంతలో లొంగేది మనిషే.

అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతుల సంగతే చూడండి. 1940లో చార్లెస్ ఈమ్స్ తన మిత్రుడు ఈరో సారినెన్‌తో కలిసి, వీపు పలకా కూర్చునే పలకా ఒకే ప్లైవుడ్ ముక్కగా వంగివచ్చే కుర్చీని రూపొందించి, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పోటీలో బహుమతి గెలుచుకున్నారు. అయితే ఒకే పలకను రెండు దిక్కులా వంచేసరికి అది చిట్లింది, ఆ చిట్లు కనబడకుండా పైన గుడ్డ తొడగవలసి వచ్చింది. తరువాత లాస్ ఏంజెలెస్‌లోని తమ ఇంట్లో, సైకిల్ పంపుతో గాలి కొట్టి పలకను అచ్చుకు అదిమే ఒక సొంత యంత్రాన్ని చార్లెస్, రే కలిసి కట్టుకున్నారు. 1942 నుంచి అమెరికా నౌకాదళం కోసం, విరిగిన కాలికి కట్టే ప్లైవుడ్ బద్దలు చేశారు. (పుత్తూరు కట్టు ఎరిగిన మనకు బద్ద అంటే ఏమిటో ఎవరూ చెప్పనవసరం లేదు.) ఆ బద్దలకు అక్కడక్కడ చీలికలు పెడితేనే పలక వంపును తట్టుకుంది, కట్టుగుడ్డ దూర్చడానికి కూడా అవే అక్కరకొచ్చాయి. యుద్ధం ముగిశాక వచ్చిన వారి కుర్చీలో వీపు పలక వేరు, కూర్చునే పలక వేరు. ఈమ్స్ శైలి అని లోకమంతా మెచ్చుకునే ఆ రూపం, ఒకే ముక్కగా వంగనని ప్లైవుడ్ మొండికేయడం వల్ల వచ్చిందని నా వాదన.

అలిపిరి నడక (సోమవారం, రాత్రి 9:26)

మంచి ప్రశ్న వేశారు. పెద్దలు ఏమంటారో చదువుతూ కూర్చుంటాను.

కత్తెర (సోమవారం, రాత్రి 10:45)

నగరి మగ్గం గారు చెప్పిన సంగతులతో నాకు పేచీ లేదు, వాటి నుంచి తేల్చిన దానితోనే ఉంది. ఆ కాలంలో ప్లైవుడ్‌తో పెనుగులాడినవారు ఎందరో ఉన్నారు. పదార్థమే శైలిని ఇచ్చేదైతే వడ్రంగులందరికీ అదే శైలి రావాలి కదా.

జపాన్ ఫ్యాషన్ డిజైనర్ రేయి కవాకుబో అక్కడి కీయో విశ్వవిద్యాలయంలో కళలు, సాహిత్యం చదువుకున్నారు. దుస్తులు కత్తిరించడంలో ఆమెకు శిక్షణ లేదు. 1969లో కామ్ దే గార్సాన్ అనే దుస్తుల బ్రాండును ప్రారంభించి, 1981లో పారిస్‌లో ప్రదర్శించి అక్కడివారిని నివ్వెరపరిచారు. నలిపిన కాగితం ఒకటి తన నమూనాలు కత్తిరించే వారి చేతికిచ్చి, ఇలాంటి గుణమున్న దుస్తు కావాలని అడిగారని చెబుతారు. ఆమె చేతికి ఆ పని రాకపోవడమే ఆమెకు కలిసి వచ్చింది, ఎందుకంటే పని వచ్చిన చెయ్యి తనకు వచ్చినదే మళ్ళీ మళ్ళీ చేస్తుంది.

పీలేరు పంతులు (మంగళవారం, ఉదయం 6:05)

విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడిగా ఒక మాట మనవి చేసుకుంటాను. ఈమ్స్ దంపతుల పేరెత్తి, చెంబు ఊసెత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. 1958లో భారత ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలోకీ చెంబును వారు అగ్రస్థానంలో నిలిపారు. దాన్ని ఏ ఒక్క మనిషీ రూపొందించి ఉండడని, తరతరాల మనుషులు కలిసి తీర్చారని రాశారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. కనుక ఒక వ్యక్తి శైలి ఎలా పుడుతుందన్న ప్రశ్నే చెంబు ముందు నిలబడదు.

నగరి మగ్గం (మంగళవారం, ఉదయం 7:40)

పంతులుగారూ, చెంబు గురించి వేరే చర్చ పెట్టుకుందాం. దయచేసి పక్కదారి పట్టించవద్దు.

పీలేరు పంతులు (మంగళవారం, ఉదయం 7:52)

పక్కదారి కాదు నాయనా, అదే అసలు దారి.

స్వర్ణముఖి గట్టు (మంగళవారం, మధ్యాహ్నం 2:30)

నేను శ్రీకాళహస్తిలో ముప్ఫై ఏళ్ళుగా కలంకారీ పని చేస్తున్నాను. చేతిని తక్కువ చేసి మాట్లాడుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను.

మా గుడ్డను ముందు ఎనుము పాలలో, కరక్కాయ రసంలో నానబెట్టి ఆరబెడతాము. పాల జిడ్డు లేకపోతే రంగు పాకిపోతుంది, కరక్కాయ లేకపోతే నలుపు పట్టదు. చింతబొగ్గుతో రూపం వేసుకొని, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ వారాల తరబడి ఊరబెట్టిన కసీంలో కలం ముంచి గీత గీస్తాము. ఆ కలం ఒక వెదురు పుల్ల, దానికి చుట్టిన ఉన్ని, పైన దారం, అంతే. ఉన్నిని వేళ్ళతో ఎంత నొక్కితే అంత ద్రవం దిగుతుంది. తరువాత ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీరు పెట్టి, మంజిష్ఠతో ఉడికిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఇందులో దృక్పథం ఎక్కడుందో కత్తెర గారు చూపించాలి. ఆలోచిస్తూ కూర్చుంటే ఉన్నిలోంచి చుక్క జారి గుడ్డ పాడవుతుంది.

అయినా నాకంటూ ఒక శైలి ఉంది. నా గుడ్డలో నల్లగీతకూ ఎరుపుకూ మధ్య నూలుపోగంత తెలుపు నిలిచి ఉంటుంది. దాన్ని చూసి, సంతకం చూడకుండానే ఇది నాదని గుర్తుపట్టేవారు మద్రాసులో కూడా ఉన్నారు.

కత్తెర (మంగళవారం, సాయంత్రం 6:15)

మీ పని మీద నాకు గౌరవం ఉంది, కానీ మీ మాటే నాకు సాక్ష్యం. 1957లో, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడ నేర్చుకున్న వారందరికీ అదే పాలు, అదే కరక్కాయ, అదే కలం. అయినా అందరి గీతా ఒకటి కాదు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి గీతను మరొకరి గీత అనుకొని ఎవరూ పొరబడరు. పదార్థం అందరికీ సమానమైనప్పుడు తేడా తెచ్చేది ఆలోచన కాక మరేమిటి?

జపాన్ డిజైనర్ ఇస్సీ మియాకే సంగతి చూడండి. అందరూ గుడ్డకు ముడతలు పెట్టి తరువాత కుట్టేవారు. ఆయన ముందే దుస్తును రెండున్నర, మూడింతల పెద్దదిగా కుట్టించి, ఆ తరువాత వేడి యంత్రంలో నొక్కించి ముడతలు పెట్టించారు. 1993లో ప్లీట్స్ ప్లీజ్ పేరుతో వచ్చినవి ఆ దుస్తులే. క్రమాన్ని తిరగేయాలని ఏ గుడ్డా ఆయన చెవిలో చెప్పలేదు.

నగరి మగ్గం (మంగళవారం, రాత్రి 8:02)

గుడ్డే చెప్పింది! మియాకే వాడింది పాలియెస్టర్. వేడికి మెత్తబడి, చల్లారాక ఆ ఆకారాన్నే పట్టుకొని ఉండే గుణం దానికి ఉంది. మన నగరి నూలు లుంగీని అదే యంత్రంలో పెట్టి ముడతలు వేయండి, ఒక్క ఉతుకుతో పోతాయి. మీ ఉదాహరణ నా పక్షానికే చేరింది.

కత్తెర (మంగళవారం, రాత్రి 8:20)

అప్పటికే లోకమంతా పాలియెస్టర్ కుడుతోంది కదండీ. అందరి చేతిలో ఉన్న గుణాన్ని ఆయన ఒక్కరే ఎందుకు చూశారన్నదే నా ప్రశ్న, దానికి మీరు జవాబు చెప్పలేదు.

నగరి మగ్గం (మంగళవారం, రాత్రి 8:31)

నూలుతో చేసి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

పీలేరు పంతులు (మంగళవారం, రాత్రి 9:00)

బాపు గారు లా పట్టభద్రులు. ఆయన చేతిరాత ఇప్పుడు ఫాంటుగా మారి పెళ్ళిపత్రికలన్నింటి మీదా కనబడుతోంది. ఇది చేతి మహిమో, ఆలోచన మహిమో మీరిద్దరూ తేల్చండి. చెంబును మాత్రం నేను వదలలేదు.

కత్తెర (బుధవారం, ఉదయం 11:10)

స్వర్ణముఖి గట్టు గారు నిన్న చెప్పిన తెల్లగీత గురించి రాత్రంతా ఆలోచించాను. నిజం చెప్పాలంటే అది శైలి అనిపించుకోదు. పటిక పాకకుండా వదిలిన జాగా మాత్రమే. ఎంచుకున్నప్పుడే శైలి అవుతుంది, తప్పనిసరై వదిలినది అలవాటు అవుతుంది.

స్వర్ణముఖి గట్టు (బుధవారం, మధ్యాహ్నం 12:45)

నా అలవాటు ఖరీదు ఎంతో మీకు తెలియదు, కనుక చెబుతాను.

పదకొండేళ్ళ కిందట ఒక మహానగరం నుంచి ఒక డిజైనరు మా ఇంటికి వచ్చారు. మా అరుగు మీద కూర్చుని, మా ఇంట్లో భోంచేసి, మెడ వెనక్కి తిప్పి చూసే నెమలి ఉన్న ఆరు మీటర్ల గుడ్డ ఒకటి గీయించుకొని, మీటరు లెక్కన డబ్బిచ్చి వెళ్ళారు. మరుసటి ఏడాది ఆ నెమలి స్క్రీన్ ప్రింటులో వందల చీరల మీదికి ఎక్కింది. నూలుపోగంత తెలుపుతో సహా దించారు. స్క్రీన్ ప్రింటులో పటికా లేదు, పాకడమూ లేదు, మరి ఆ తెలుపుతో అక్కడేం పని? నాకు అన్నం మెతుకు లాంటి అవసరం అక్కడ సింగారమయ్యింది. ఒక పత్రికలో ఆ మనిషి, అది తాను ఏళ్ళ తరబడి సాధన చేసి కనుగొన్న శైలి అని చెప్పుకున్నారు. కత్తెర గారి లెక్కలో ఎంచుకున్నది వారే కదా! నాది అలవాటు, వారిది శైలి. చదువుకున్నవాళ్ళు వేసే లెక్కలు ఇలాగే ఉంటాయి.

చంద్రగిరి కోట (బుధవారం, మధ్యాహ్నం 1:05)

వారి పేరు బయటపెట్టండి సార్, అందరికీ తెలియాలి.

నిర్వాహకులు (బుధవారం, మధ్యాహ్నం 1:20)

పేర్లు వద్దు. చర్చ వ్యక్తుల మీదికి మళ్ళితే మూసివేయవలసి వస్తుంది.

కత్తెర (బుధవారం, సాయంత్రం 5:50)

మీకు జరిగింది దొంగతనమే, అందులో నాకు సందేహం లేదు. అయితే చదువుకున్నవాళ్ళందరినీ ఒకే గాటన కట్టారు కనుక నా కథ కూడా వినండి.

డిజైన్ చదువు పూర్తయ్యాక నేను కలంకారీ నేర్చుకోవాలని ఒక గురువుగారి ఇంట చేరాను. (మీ ఊరే, కానీ మీరు కారు, కంగారుపడకండి.) ఎనిమిది నెలలు నాతో రంగు నింపించారు. గీత మాత్రం ఒక్కనాడూ గీయనివ్వలేదు. నాతోపాటు ఏడుగురు ఆడవాళ్ళు ఉదయం నుంచి పొద్దుగూకే దాకా వంగి నింపేవారు. గుడ్డ పూర్తయ్యాక మూలలో గురువుగారి సంతకం పడేది. ప్రదర్శనకు ఆయన వెళ్ళేవారు, శాలువా ఆయన భుజం మీద పడేది. నగరి మగ్గం అన్న మొదట ఈమ్స్ దంపతులు అన్నారు, సంతోషం. 1946లో ఆ కుర్చీలను న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు మ్యూజియం వేసిన పేరు చార్లెస్ ఈమ్స్ ఒక్కరిదే. రే పేరు లేదు. నేను మియాకే గురించి అంత రాశాను, ఏళ్ళ తరబడి ఆయన దుస్తులకు గుడ్డను సృష్టించి ఇచ్చిన మకికో మినగావా పేరు నాకు కూడా నోట రాలేదు.

మీ తెల్లగీత మిమ్మల్ని దాటిపోయి మరొకరి పేరు మీద వెలిసింది. అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి: మీ గుడ్డలో పటిక పెట్టేది ఎవరు?

నగరి మగ్గం (బుధవారం, సాయంత్రం 6:30)

అమ్మా, నేను చేతి గురించి మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి ఎవరిదని నేను కూడా అడగలేదు. మా షెడ్డులో గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపే కుర్రవాడు ఒకడున్నాడు. వాడు మార్చిన అంచులకు కూడా నేనే డిజైనర్‌ని.

అలిపిరి నడక (గురువారం, ఉదయం 8:15)

స్వర్ణముఖి గట్టు గారు అలిగినట్టున్నారు.

పీలేరు పంతులు (గురువారం, ఉదయం 8:40)

చెంబు మీద సంతకం ఉండదు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

స్వర్ణముఖి గట్టు (శుక్రవారం, రాత్రి 9:35)

అలగలేదు. జవాబు నా దగ్గర లేక ఆగాను.

పటిక పెట్టేది నా భార్య, మా మరదలు. నిన్న పని దించాక నా భార్యను కూర్చోబెట్టి, ఆ తెలుపు ఎందుకు వదులుతున్నావని అడిగాను. మొదట నేను తప్పు పడుతున్నానని అనుకొంది. తరువాత చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఒక వానాకాలం ఎనుము పాలు సరిగా దొరకలేదట, నేను నీళ్ళపాలతోనే గుడ్డ నానబెట్టానట. పటిక పెట్టిన ప్రతిచోటా అది పాకి నా నల్లగీతను తినేస్తుంటే, మామగారు కేకలేస్తారని భయపడి, గీతకు పోగంత ఇవతలే కలం ఆపడం మొదలుపెట్టిందట. పాలు చిక్కబడ్డాక ఆ అవసరం తీరిపోయింది. మరి ఎందుకు మానలేదని అడిగితే, అలా ఉంటే నెమలి గుడ్డ మీంచి కాస్త పైకి లేచినట్టు కనబడుతుందని, అందుకే ఉంచానని అంది.

అంటే మొదట తప్పనిసరై వదిలింది, తరువాత చూసి ఎంచుకొంది. ఆ రెండూ నాకు తెలియకుండానే జరిగాయి. ఇన్నేళ్ళూ ఆ గీత నా చేతి వాటమని అందరికీ చెప్పుకున్నాను.

కత్తెర (శుక్రవారం, రాత్రి 10:20)

ఎంచుకున్నప్పుడే శైలి అవుతుందని నేనన్న మాట ఆవిడ దగ్గర నిలిచింది కానీ, తప్పనిసరిగా వదిలినది శైలి కాదన్న మాట నిలవలేదు. ఆ వాన లేకపోతే ఆవిడకు ఎంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అన్నా, తరువాతి గుడ్డ మూలలో ఎవరి సంతకం పెడతారు?

స్వర్ణముఖి గట్టు (శుక్రవారం, రాత్రి 10:41)

అదీ అడిగాను. తనకు సంతకం పెట్టడం రాదని, పైగా కసీంతో అంత చిన్న అక్షరాలు రాస్తే చుక్క జారుతుందని అంది. రేపటి నుంచి పాత గుడ్డ ముక్క మీద చింతబొగ్గుతో దిద్దిస్తాను.