అన్నయ్య స్పెక్ట్రమ్ క్యాసెట్: 40 ఏళ్ళ తర్వాత చదవడం కుదురుతుందా?

చిక్కడపల్లి_చెల్లెలు:

వచ్చే నెల మా అన్నయ్య షష్టిపూర్తి. ఇల్లు సర్దుతుంటే అటక మీద ఇత్తడి బిందెల వెనక ఒక బిస్కెట్ డబ్బా దొరికింది, అందులో అన్నయ్య చేతిరాతతో "తెలుగు 3" అని రాసి ఉన్న క్యాసెట్. చూడగానే గుండె ఝల్లుమంది.

1984లో మా మేనమామ లండన్ నుంచి వస్తూ అన్నయ్యకి జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంటి కంప్యూటర్ తెచ్చాడు, 48కె (48 కిలోబైట్ల మెమరీ) ది. టీవీయే దానికి తెర, రాసిన ప్రోగ్రాంలు మామూలు పాటల క్యాసెట్లోనే శబ్దంగా దాచుకోవాలి. అన్నయ్య అప్పుడే ఇంజనీరింగ్‌లో చేరాడు, నేను ఐదో క్లాసు. నల్లటి చిన్న పెట్టె, బూడిద రంగు రబ్బరు మీటలు, ఓ మూల రంగుల చారలు. మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి దాని ఛానల్ అందలేదు, వీధి చివర టీవీ మెకానిక్ రెండు సాయంత్రాలు కూర్చుని ఏదో చేసి బొమ్మ తెప్పించాడు. వార్తలు అయ్యేదాకా నాన్న టీవీ ఇచ్చేవారు కాదు, ఆ తర్వాతే మా వంతు.

అందరూ దాంట్లో ఆటలు ఆడితే అన్నయ్య తెలుగు అక్షరాలు చేశాడు. మనకి నచ్చిన బొమ్మని అక్షరంలా దాచుకునే వీలు ఉండేది దాంట్లో, అడ్డంగా 8 చుక్కలు, నిలువుగా 8 చుక్కలు, అలాంటివి 21 మాత్రమే. లెక్కల గ్రాఫ్ పుస్తకంలో నేను గళ్ళు నింపేదాన్ని, నింపిన గడికి 1, ఖాళీ గడికి 0 అని అన్నయ్యకి చదివి వినిపించేదాన్ని, అతను టైపు చేసేవాడు. ఒక్కో అక్షరానికి ఎనిమిది వరసలు. మధ్యలో కరెంటు పోతే అన్నీ పోయేవి, మళ్ళీ మొదటి గడి నుంచి. నేను ఏడ్చేదాన్ని, అతను మాత్రం ఏమీ అనకుండా దీపం వెలిగించి గ్రాఫ్ పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు.

మిషన్ ఇప్పుడు లేదు, 90ల్లో ఎవరికో ఇచ్చేశాం. క్యాసెట్ ఒక్కటే మిగిలింది. నాకు రెండు సాయాలు కావాలి. ఒకటి, ఇందులో ఉన్నది ఇప్పటి ల్యాప్‌టాప్‌లో చూడగలమా? రెండు, అన్నయ్యకి ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి ఇద్దామనుకుంటున్నాను, ఆ కాలం కంప్యూటర్ల గురించీ, వాటిని చేసినవాళ్ళ గురించీ. ఎవరెవరి గురించి రాయమంటారు?

కోఠి_రిపేర్లు:

అమ్మా, ముందు ఆ క్యాసెట్‌ని ఏ ప్లేయర్లోనూ పెట్టకండి. నేను 35 ఏళ్ళు టేప్ రికార్డర్లు బాగుచేశాను, ఆత్రంగా పెట్టి టేపు నమిలించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే విరిచేయండి, అక్కడ కాగితం అంటించి ఉంటే పీకేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ మీట నొక్కినా చెరిగిపోదు. తర్వాత చిన్న కిటికీలోంచి టేపు చూడండి, తెల్లటి బూజు కనిపిస్తే ఆగి నాకు చెప్పండి. టేపు వెనక రాగి రేకు మీద చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చాలి. అంతా బాగుంటే పెన్సిల్ పెట్టి చేత్తో నెమ్మదిగా చివరిదాకా ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి తిప్పండి.

ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్ దూదితో తుడిచి, ముందు ఏదో పాటల క్యాసెట్ వేసి టేపు నమలడం లేదని చూసుకోండి. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి ల్యాప్‌టాప్‌కి వైరు ఇచ్చి వేవ్ ఫైలుగా రికార్డు చేయండి, 44,100 హెర్ట్జ్, మోనో. ఎంపీ3 వద్దు. "నాయిస్ తగ్గించు" అనేది అసలు ముట్టుకోవద్దు, మనకి కావాల్సింది ఆ గోలే.

మొదట ఐదు సెకన్లు ఒకే శ్రుతిలో "కూ" అని వస్తుంది, తర్వాత చిన్న బర్ర్, అది ప్రోగ్రాం పేరు. మళ్ళీ రెండు సెకన్ల కూత, తర్వాత అసలు సరుకు. స్పెక్ట్రమ్‌కి 0 అంటే పొట్టి అల, 1 అంటే దానికి రెట్టింపు పొడుగు అల, అంతే. ఆ కూత మసకగా వినిపిస్తే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని అణువంత తిప్పి, శబ్దం పదునుగా వచ్చిన చోట ఆపండి. ఆ ఫైలుని ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌తో తెరవండి, అంటే ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్‌లా పనిచేసే ప్రోగ్రాం, ఉచితమే.

ఎన్ని క్యాసెట్లకి ఇలా చెవి ఆనించి స్క్రూ తిప్పానో లెక్కలేదు. మీది తెరుచుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాత_బేసిక్:

మీ రెండో ప్రశ్నకి. స్పెక్ట్రమ్ కంపెనీ పెట్టిన సర్ క్లైవ్ సింక్లెయిర్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే మామూలు ఇంటివాళ్ళు కొనుక్కోగలిగే ధర అనే పట్టుదల ఆయనది. 1980లో జెడ్ఎక్స్80 అనే తన ముందు కంప్యూటర్‌ని తయారుగా 99.95 పౌండ్లకి, విడిభాగాలుగా 79.95కి అమ్మాడు. స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్ 23న వచ్చింది, 16కె 125 పౌండ్లు, మీ అన్నయ్య దగ్గరున్న 48కె 175. 2021 సెప్టెంబరులో, 81 ఏళ్ళకి పోయాడు. ఆ రోజు నేను ఆఫీసులో పని చెయ్యలేకపోయాను.

కానీ దయచేసి ఆయన ఒక్కడి బొమ్మ వేసి వదిలేయకండి, ఈ విషయంలో నాకు పట్టింపు ఉంది. లోపలి హార్డ్‌వేర్ రిచర్డ్ ఆల్ట్‌వాసర్ చేశాడు. ఆ పెట్టె రూపం, రబ్బరు మీటలు, చారలు రిక్ డికిన్సన్‌వి. ఆన్ చేయగానే మనకోసం సిద్ధంగా ఉండే బేసిక్‌ని, అంటే మనం ప్రోగ్రాంలు రాసుకునే భాషని, రాసింది స్టీవెన్ వికర్స్. దాంతోపాటు వచ్చిన మాన్యువల్ కూడా ఆయనే రాశాడు, నా దృష్టిలో ఆ మిషన్‌కి ప్రాణం అదే. పక్కన చెప్పేవాడు లేని ఊళ్ళో ఉన్న పిల్లవాడు కూడా దాన్ని ముందేసుకుని ఒక్కడే నేర్చుకోవచ్చు. ఎనిమిది వరసల అక్షరాల పద్ధతి మీ అన్నయ్యకి తెలిసింది కూడా దాంట్లోంచే అయి ఉంటుంది.

ఆన్ చేస్తే క్షణాల్లో "రాయి" అన్నట్టు ఎదురుచూసేది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ దీనికి ఎన్ని లక్షల రెట్లు పెద్దదో, అయినా దాంట్లో ఒక్క గీత గీయించడానికి ఏమేం ఇన్‌స్టాల్ చెయ్యాలో చెప్పేసరికి తనకి ఆసక్తి పోయింది.

చెప్పులు_బయట:

మాది బీబీసీ మైక్రో జట్టు :) అది కూడా ఆ కాలం బ్రిటిష్ కంప్యూటరే. కేంద్ర ప్రభుత్వం 1984లో క్లాస్ అనే పథకం కింద దేశంలో సుమారు 250 స్కూళ్ళకి వాటిని ఇచ్చింది, అదృష్టవశాత్తూ మా స్కూల్ అందులో ఒకటి. చెప్పులు బయట విప్పి, కాళ్ళు పట్టా మీద తుడుచుకుని లోపలికి వెళ్ళాలి. ఏసీ గది అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. ఒక్కో మిషన్ ముందు నలుగురం, ఒకడు టైపు చేస్తే ముగ్గురు తప్పులు పట్టేవాళ్ళు.

మీ పుస్తకంలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ తప్పకుండా ఉండాలి. బీబీసీ మైక్రో చేసింది కేంబ్రిడ్జ్‌లో ఎకార్న్ అనే చిన్న కంపెనీ, వీళ్ళిద్దరూ అక్కడివాళ్ళే. బీబీసీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారంటే నమూనా మిషన్‌ని వారం లోపల లేపి నిలబెట్టారు, 1981లో. దాని బేసిక్ విల్సన్ రాసింది, అంత శుభ్రమైన బేసిక్ నేను మరొకటి చూడలేదు. తర్వాత ఈ ఇద్దరే ఒక కొత్త ప్రాసెసర్ చేశారు, 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్ పనిచేసింది. దాని పేరు ఆర్మ్. మీరు ఈ మాటలు ఫోన్‌లో చదువుతుంటే ఆ వంశం చిప్ మీదే చదువుతూ ఉండుంటారు. మేం చెప్పులు విప్పి దండం పెట్టుకున్నంత పనిచేసిన ఆ మిషన్ మనుషులే ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉన్నారు.

గిరిప్రదక్షిణ:

ఒక్క పేరు నేనూ కలుపుతాను, ఆడమ్ ఆస్‌బోర్న్. 1981లో ఆస్‌బోర్న్ 1 అని చేత్తో మోసుకెళ్ళే కంప్యూటర్ అమ్మాడు, 1,795 డాలర్లు, దాదాపు 11 కిలోలు, తెర ఐదు అంగుళాలు. లోపల ఉన్న ప్రాసెసర్ మీ అన్నయ్య స్పెక్ట్రమ్‌లో ఉన్న జెడ్80 రకమే. ఆ మిషన్ గీసింది లీ ఫెల్సెన్‌స్టీన్. 1983లో కంపెనీ దివాలా తీసింది.

ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే ఆడమ్ చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో. వాళ్ళ నాన్న ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి మీద పుస్తకాలు రాసినాయన. ఆడమ్ చివరికి మళ్ళీ ఇటే వచ్చి 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు. నేను ఏటా రమణాశ్రమానికి వెళ్తాను, అరుణాచలం చుట్టూ నడిచేటప్పుడు ఈ దారుల్లో ఆడుకున్న పిల్లవాడే కదా అనుకుంటాను.

చిక్కడపల్లి_చెల్లెలు:

అందరికీ చేతులెత్తి దండం. కోఠి గారూ, మీరు చెప్పినట్టే అన్నీ చేశాను. రెక్కల చోట నిజంగానే కాగితం అంటించి ఉంది, అది పాత సినిమా పాటల క్యాసెట్ మీద చేసింది. స్క్రూ తిప్పుతుంటే ఒక చోట కూత సూటిగా తగిలింది, వంటింట్లోంచి అమ్మ "ఏమే, మళ్ళీ ఆ పిచ్చి కూతలు మొదలయ్యాయా" అంది. 84 ఏళ్ళు ఆవిడకి, 40 ఏళ్ళ తర్వాత ఒక్క సెకనులో గుర్తుపట్టింది.

మొదటిసారి పేరు వరకు వచ్చి "టేప్ లోడింగ్ ఎర్రర్" అని ఆగిపోయింది. ప్రాణం పోయినంత పనైంది.

కోఠి_రిపేర్లు:

ఇంకా ముందుకి తిప్పి చూడండమ్మా. కరెంటు దెబ్బ తిన్నవాళ్ళు ఎవరూ ఒక్కసారి సేవ్ చేసి ఊరుకోరు, వెంటనే రెండో కాపీ కూడా చేస్తారు.

చిక్కడపల్లి_చెల్లెలు:

ఉంది! రెండో కాపీ ఉంది. మధ్యలో రెండు సెకన్లు పాత పాట ముక్క, ఆ వెంటనే మళ్ళీ కూత. పూర్తిగా లోడయింది.

తెర మధ్యలో "అమ్మ" అని వచ్చింది. మ కింద వత్తు సరిపోక దాన్ని కింది వరసలో వేరే గడిలో వేశాడు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "మ కి తలకట్టు ఏదీ?" అంది. గ్రాఫ్ పుస్తకం నాకు బాగా గుర్తే, పై వరసలో చోటు మిగలలేదు.

ఇంకోటి చెప్పాలి. మా టీవీ బ్లాక్ అండ్ వైట్ కదా, అన్నయ్య గానీ నేను గానీ దీన్ని బూడిద రంగులోనే చూశాం, వేరేగా ఎప్పుడూ చూడలేదు. ల్యాప్‌టాప్‌లో రంగుల్లో వచ్చింది. ప్రోగ్రాం తీసి చూస్తే పేపర్ (వెనక రంగు) 6, ఇంక్ (అక్షరం రంగు) 2 అని రాసి ఉంది, స్పెక్ట్రమ్ మీటల మీద 6 పైన ఎల్లో అని, 2 పైన రెడ్ అని ఉండేవి. అంటే అతను కనపడకపోయినా ఏరి పెట్టాడన్నమాట. నిండా పసుపు, మధ్యలో కుంకుమ రంగులో "అమ్మ".

షష్టిపూర్తి రోజు ఇదే పెద్ద తెర మీద వేస్తున్నాం. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.