పాత రాతి ఇంటి దర్జులు: సిమెంటా, సున్నమా?

ప్రశ్న: రెండడుగుల మందం గోడ. లోపలా బయటా రాతి వరసలు, నడుమ మట్టి, రాళ్ల ముక్కలు. దర్జుల్లో, అంటే రాళ్ల మధ్య సందుల్లో, సున్నం రాలిపోతోంది. సిమెంటుతో పాయింటింగ్ (దర్జులు పూడ్చడం) చేయిస్తే తప్పేంటి?

రాతిపని: తప్పేం లేదండీ. సిమెంటు వల్ల పెచ్చులూడేది ఇసుకరాయి, సున్నపురాయి. గ్రానైట్‌కు ఆ భయం తక్కువ. సున్నం పచ్చిగా ఉండగా జడివాన పట్టుకుందంటే కొట్టుకుపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

సున్నపుతొట్టి: రాయి నిలిస్తే చాలదు, గోడ నిలవాలి. పునాది నుంచీ కప్పు అంచు నుంచీ చెమ్మ ఎలాగూ లోపలికి చేరుతుంది. సున్నపు దర్జులోంచి అది మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే నడుమ మట్టి నాని కిందికి జారుతుంది, పైన బోలు పడుతుంది. మిగిలిన తడి గదివైపు తిరిగి, మోకాలెత్తున ఉప్పు పొంగి పూత రాలుతుంది. దాన్ని దాచడానికి లోపల కూడా సిమెంటు పూస్తారు, చెమ్మ ఇంకా పైకెక్కుతుంది!

పని ఇలా చేయించండి. దర్జు వెడల్పుకు రెట్టింపు లోతు, కనీసం 25 మి.మీ., ఉలితో గీకాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు పోతాయి. దుమ్ము కడిగి, రాయి తడి పీల్చాక ఒక పాలు సున్నం, మూడు పాళ్లు గరుకు ఇసుక గట్టిగా కలిపి కూరాలి. వెడల్పు సందుల్లో రాతి చిప్పలు దిగ్గొట్టాలి, ఉత్త సున్నంతో నింపితే బీటలిస్తుంది. రాతిమీదికి పులమకూడదు. వారంపాటు తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. ఎండకు గబుక్కున ఆరితే పొడి పొడిగా రాలుతుంది.

రాతిపని: నేలకు ఆనుకున్న వరసల మాటేంటి? ఎప్పుడూ తడిగా ఉండేచోట ఉత్త సున్నం గట్టిపడదు.

సున్నపుతొట్టి: నిజమే. అక్కడ సున్నం ఒక పాలు, సుర్ఖీ (కాల్చిన ఇటుక పొడి) ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. సుర్ఖీ ఉంటే తడిలోనూ బిగుస్తుంది. మరీ కాలి నల్లబడ్డ ఇటుక పొడి మాత్రం పనికిరాదు.

గుండుతాడు: ఇద్దరూ అసలు పని వదిలేశారు. ముందు తూకం గుండు వేలాడదీసి చూడండి. గోడ నడుమ పొట్ట వచ్చి, సుత్తితో తడితే డొల్లగా మోగితే రెండు ముఖాలూ విడిపోతున్నట్టే. గోడ మందమంతా పట్టే త్రూ రాళ్లు లేకపోతే ఇలా అవుతుంది. అప్పుడు ఏ పాయింటింగూ ఆపలేదు. పైబరువుకు ఆసరాగా పోట్లు పెట్టి, పొట్ట వచ్చినంత మేర విప్పి, త్రూ రాళ్లు వేసి తిరిగి కట్టాలి. ఆ తర్వాతే దర్జులు.